ఇల్లు ఒకటే... కుటుంబాలెన్ని?

వంశధార నిర్వాసితుల ఇంటి స్థలాలు: అర్హులెవరు, కానివారెవరు?

పాతపట్నం (మా విలేఖరి):

పాడలి, తులగాం, దుగ్గుపురం, ఇరపాడు. హిరమండలం రిజర్వాయరు కోసం ఖాళీ అయిన ఊళ్లలో ఇవి కొన్ని. ఈ ఊళ్లలో ఎంత భూమి పోయిందో తేల్చడం పెద్ద కష్టం కాదు. సర్వేయరు గొలుసు పట్టుకొని వస్తాడు. సర్వే నెంబరు చూస్తాడు. సెంట్లతో సహా లెక్క కడతాడు. ఎన్ని ఇళ్లు పోయాయన్నదీ తేలుతుంది. గోడ, కప్పు, నుయ్యి, కొబ్బరిచెట్టు అన్నీ పుస్తకంలోకి ఎక్కుతాయి. సులువుగా లెక్కకు రానిది ఒక్కటే. ఆ కప్పు కింద ఉన్నది ఒక కుటుంబమా, రెండా, మూడా?

పోయిన ఇంటికి బదులు ఇచ్చే స్థలం కుటుంబానికి ఒకటి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఒక ఇంటికి ఐదు సెంట్లు రావచ్చు, పది రావచ్చు, పదిహేను రావచ్చు. అసలేమీ రాకపోనూ వచ్చు. వంశధార రెండవ దశ నిర్వాసితులకు నష్టపరిహారం రేటు ఎంత ముఖ్యమో, జాబితాలో పేరు కూడా అంతే ముఖ్యమైంది. రేటు గురించి ఊరంతా కలిసి అడగవచ్చు. పేరు గురించి మాత్రం ఎవరికి వారే కాగితాల సంచీ చంకన పెట్టుకొని తిరగాలి.

పన్నెండేళ్ల ఎడం

వంశధార నీటిని ఆంధ్ర, ఒడిశాలు చెరిసగం వాడుకోవాలని 1962లో ఒప్పందం కుదిరింది. గొట్టా బ్యారేజీతో మొదటి దశ సాగింది. రెండవ దశలో నేరడి వద్ద బ్యారేజీ కట్టాలన్నది అసలు ఆలోచన. ఒడిశా అభ్యంతరంతో అది నిలిచిపోయింది. అందుకు బదులుగా భామిని మండలం కాట్రగడ్డ వద్ద నది పక్కన సైడ్ వియర్ కట్టి, వరదనీటిని సుమారు 34 కిలోమీటర్ల కాలువ ద్వారా హిరమండలం తీసుకురావాలని నిర్ణయించి 2005లో పని మొదలుపెట్టారు. రిజర్వాయరులో నిలిచే నీరు సుమారు 19 టీఎంసీలు.

ఒడిశా అభ్యంతరాలు మళ్లీ వచ్చాయి. 2010లో వంశధార ట్రిబ్యునల్ ఏర్పడింది. 2013 డిసెంబరులో సైడ్ వియర్‌కు మధ్యంతర అనుమతి వచ్చింది. తుది తీర్పు 2017 సెప్టెంబరులో వెలువడింది. ఊళ్లు ఖాళీ చేయించిందీ 2017లోనే.

పాఠకులు ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. పని మొదలైనది 2005. ఊరు విడిచినది 2017. మధ్యలో 12 ఏళ్లు. 2005లో ఐదవ తరగతి చదువుతున్న కుర్రవాడు 2017 నాటికి పెళ్లయి బిడ్డను ఎత్తుకున్నవాడు. అప్పటి కొత్త పెళ్లికూతురు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్దలు పోయారు. ప్రభుత్వం రాసుకున్న ఊరు ఒకటి, ఖాళీ చేయించిన ఊరు మరొకటి. అర్హత తగవులు చాలావరకు ఈ ఎడంలో పుట్టినవే.

పీడీఎఫ్ అంటే ఎవరు?

పునరావాసం కోసం అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2005 ఏప్రిల్ 8న నీటిపారుదల శాఖ ద్వారా 68వ నెంబరు జీవో ఇచ్చింది. అందులో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి ప్రాజెక్టు బాధిత కుటుంబం. రెండవది ప్రాజెక్టు నిర్వాసిత కుటుంబం. కాలనీల్లో ఇప్పుడు ఎవరూ ఇంత పొడుగు మాట అనరు. పీఏఎఫ్, పీడీఎఫ్ అంటారు. చదువురాని ముసలమ్మ సైతం "నాకు పీడీఎఫ్ వచ్చింది, మా మరిదికి రాలేదు" అన్నట్టుగానే చెబుతుంది.

ఊరు విడిచి పోవలసి వచ్చినవాడు నిర్వాసితుడు. అతనికి పరిహారంతో పాటు కాలనీలో ఇంటి స్థలం, ఇంటికి సాయం, ఇతర ప్యాకేజీ ఉంటాయి. భూమి పోయినా ఇల్లు నిలిచినవాడు బాధితుడు. అతనికి భూమి ఖరీదు వస్తుంది కాని, ఇంటి స్థలం దగ్గరకు వచ్చేసరికి తలుపు మూసుకుంటుంది.

కాగితం మీద ఈ తేడా న్యాయంగానే కనిపిస్తుంది. ఇల్లు పోనివాడికి ఇల్లెందుకు అని అడగవచ్చు. పల్లె బతుకు అంత విడివిడిగా ఉండదు. ముంపు ఊరి పక్క ఊళ్లో ఇల్లు ఉండి, భూమి మొత్తం ముంపులో పోయిన రైతు సంగతి చూడండి. అతని ఇంటి గోడలు చెక్కు చెదరలేదు. పొలం పోయింది, కల్లం పోయింది, గడ్డివాము పెట్టుకొనే చోటు పోయింది, పశువులు మేసే గట్టు పోయింది. ఊరు మిగిలిందన్న మాటే కాని ఊళ్లో చేయడానికి పని మిగలలేదు. జాబితా దృష్టిలో అతను కదలనివాడు. నిజానికి బతుకు వెతుక్కుంటూ మొదట కదిలేవాడు అతనే.

ఒక ఇల్లు ఊహించుకుందాం

తగవులు ఎలా వస్తాయో తెలియడానికి ఎవరిదీ కాని ఒక ఇంటిని ఊహించుకుందాం. ముంపు ఊళ్లో మూడు గదుల పెంకుటిల్లు. తండ్రి పేర రెండెకరాల జిరాయితీ, అరెకరం డి-పట్టా. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. భర్త పోయి పుట్టింటికి చేరిన మేనత్త కూడా ఆ ఇంట్లోనే ఉన్నది.

తండ్రి సంగతిలో పేచీ లేదు. ఇల్లు అతనిది, పేరు అతనిది. ఒక స్థలం వస్తుంది.

పెద్దకొడుకు పెళ్లయి వేరుపడ్డాడు. వేరుపడ్డాడంటే మరో ఇల్లు కట్టలేదు. వెనుక వసారాలో మరో పొయ్యి పెట్టాడు. మన ప్రాంతంలో వేరు కాపురం అంటే వేరు పొయ్యే. కాని పొయ్యికి నెంబరు ఉండదు. ఇంటి నెంబరు ఒకటే, కరెంటు మీటరు ఒకటే, ఇంటి పన్ను రసీదు తండ్రి పేరనే. వేరు రేషన్ కార్డు తెచ్చుకొని ఉంటే మాట నిలుస్తుంది. తెచ్చుకోకపోతే అతను కాగితం మీద ఇంకా తండ్రి చాటు పిల్లవాడే.

చిన్నకొడుకు సంగతి మరీ సున్నితం. 18 ఏళ్లు నిండినవారిని వేరుగా లెక్కించి ఇచ్చే సాయాన్ని ఇక్కడ యూత్ ప్యాకేజీ అంటారు. ఏ తేదీ నాటికి 18 నిండాలి? నోటిఫికేషన్ నాటికా, అవార్డు నాటికా, ఊరు ఖాళీ చేసిన నాటికా? తేదీ మారితే ఒక తరం పిల్లలు లోపలికి వస్తారు, లేదా బయట మిగులుతారు. ఒకే వీధిలో కలిసి గోలీలాడిన ఇద్దరిలో ఒకడు అర్హుడు, ఒకడు కాడు. తేడా రెండు నెలలు.

ఆ పుట్టిన తేదీ అయినా సరైనదేనా? మన ఊళ్లలో బడిలో చేర్చే రోజున మాస్టారు అడిగితే "మామిడి పూత నాడు పుట్టాడండీ" అని తల్లి చెప్పేది. మాస్టారు ఆలోచించి జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేవారు. బడి ఈడు కోసం వేసిన ఆ తేదీ ఇరవై ఏళ్ల తరువాత ఐదు సెంట్ల స్థలాన్ని నిర్ణయిస్తుందని ఆ మాస్టారికి తెలియదు, ఆ తల్లికీ తెలియదు.

కూతురికి పెళ్లయి అత్తవారింటికి వెళ్లి ఉంటే ఆమె పేరు ఇక్కడ ఉండదు. పెళ్లి కాకుండా 18 దాటి ఇంట్లోనే ఉంటే? "కొడుకులకు వేరు, ఆడపిల్ల తండ్రితోనే కదా" అన్న మాట ఊళ్లోనే ముందు వినిపిస్తుంది. చాలా ఇళ్లలో దరఖాస్తు పెట్టేటప్పుడే ఆమె పేరు రాయరు.

ఇక మేనత్త. ఆమెకు ఈ ఊళ్లో భూమి లేదు, ఇల్లు లేదు. రేషన్ కార్డులో అన్నగారి ఇంట్లో ఆరవ పేరు. ఇల్లు పోయినప్పుడు ఆమె నిలబడిన చోటు కూడా పోయింది. కాలనీలో అన్నకొక స్థలం, మేనల్లుళ్లకు చెరొకటి వస్తే ఆమె ఎవరి వసారాలో ఉండాలి?

ఈ ఇంటి పొలంలో కౌలు చేసినవాడు, ఏడాది జీతానికి ఉన్న కంబారి కూడా ఉన్నారు. వారి దగ్గర సాగు చేసినట్టు కాగితం ముక్క ఉండదు. మాట మీద చేసిన సాగుకు ఎత్తిన పంటే సాక్ష్యం. ఆ పంట ఎప్పుడో తిని అయిపోయింది.

సర్వే నాడు ఊళ్లో లేనివారు

ఉత్తరాంధ్ర పల్లెల్లో వలస కొత్త విషయం కాదు. చెన్నై, హైదరాబాదు, విశాఖ పోయి పని చేసి సంక్రాంతికి వచ్చే ఇళ్లు ఎన్నో. సామాజిక ఆర్థిక సర్వే చేసేవారు వచ్చిన రోజున తలుపుకు తాళం ఉంటే పుస్తకంలో ఏమి రాస్తారు? నివాసం లేదని రాస్తారు. ఆ తాళం వేసినవాడు ఊరు వదిలి పోలేదు. ఊళ్లో ఇల్లు నిలుపుకోవడం కోసమే పనికి పోయాడు. అది వివరించి చెప్పడానికి అతను వచ్చేసరికి జాబితా తయారై ఉంటుంది.

అధికారుల మాట కూడా వినాలి

ఇంతవరకు చెప్పినది చదివి అధికారులందరూ కఠినులని అనుకుంటే అది సరికాదు. ప్రాజెక్టు వస్తుందని తెలిసిన తరువాత ఊళ్లలో జరిగే పనులు అందరికీ తెలిసినవే. రాత్రికి రాత్రి రేకుల షెడ్లు లేస్తాయి. ఒక గదికి మధ్య గోడ పెట్టి రెండు తలుపులు తీస్తారు. ఎన్నడూ రాని చుట్టం పేరు ఓటర్ల జాబితాలోకి వస్తుంది. అడిగినవాడికల్లా స్థలం ఇస్తే అసలు నిర్వాసితుడి వాటా పలుచబడుతుంది. అందుకే ఒక గడువు తేదీ ఉండి తీరాలి.

చిక్కంతా ఆ తేదీకీ అసలు కదలికకూ మధ్య ఎడం పెరగడంలో ఉన్నది. గడువు తేదీ నిన్నటిదైతే దొంగ పేరు ఆగుతుంది. పన్నెండేళ్ల కిందటిదైతే దొంగ పేరుతో పాటు సొంత బిడ్డ పేరూ ఆగుతుంది.

కొత్త చట్టం ఏమంటుంది?

1894 నాటి భూసేకరణ చట్టంలో ధర మాట తప్ప పునరావాసం మాట లేదు. ఆ లోటు తీర్చడానికి పార్లమెంటు 2013లో కొత్త చట్టం చేసింది. అది 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. మన ఊహా గృహంలోని చాలా చిక్కులకు అందులో జవాబు ఉన్నది.

వయస్సు వచ్చిన వ్యక్తి ఆడైనా మగైనా, భార్య లేక భర్త ఉన్నా లేకున్నా వేరు కుటుంబమే. అంటే పొయ్యి లెక్కతో పనిలేదు. వితంతువులు, విడాకులు పొందినవారు, కుటుంబం విడిచిపెట్టిన స్త్రీలు వేరు కుటుంబాలుగా లెక్క. మేనత్తకు ఇదే ఆధారం. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పని చేసి బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు, చేతిపనివారు భూమి లేకున్నా బాధిత కుటుంబాలే. నీటిపారుదల ప్రాజెక్టులలో భూమి పోయినవారికి వీలైనంత వరకు ఆయకట్టులో కనీసం ఎకరం ఇవ్వాలనీ, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి పోయినంత భూమి లేక రెండున్నర ఎకరాలు, రెండింటిలో తక్కువది ఇవ్వాలనీ రెండవ షెడ్యూలులో ఉన్నది. ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 38వ సెక్షను చెబుతుంది.

అయితే 18 ఏళ్లు ఏ నాటికి నిండాలో ఆ నిర్వచనంలో తేదీ లేదు. పైగా కొత్త చట్టం రాకముందే అవార్డు అయిన భూములకు పాత చట్టమే కొనసాగుతుందని 24వ సెక్షను అంటున్నది. కాట్రగడ్డ వద్ద అనుమతి 2013 డిసెంబరులో వచ్చింది, కొత్త చట్టం 2014 జనవరిలో వచ్చింది. మునిగేది 2014 తరువాత అయితే 2013 చట్టం వర్తింపజేయాలన్నది వంశధార నిర్వాసితుల ముఖ్యమైన కోరికలలో ఒకటి. ఆ కోరికలో అర్థమున్నది. ఊరు విడిచే రోజున అమలులో ఉన్న చట్టం తమకు ఎందుకు వర్తించదన్న ప్రశ్న న్యాయవాదికే కాదు, సామాన్యుడికీ తడుతుంది.

2022లో ప్రభుత్వం వంశధార నిర్వాసితులకు సుమారు 216 కోట్ల రూపాయల అదనపు పరిహారం ప్రకటించింది. మంచిదే. కాని ఎన్ని కోట్లు వచ్చినా అవి జాబితాలోని పేర్లకే చేరతాయి. పేరే లేనివాడికి దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టే.

ఇతర చోట్ల

ఈ తగవు మన ఒక్కరిదే కాదు. విశాఖ ఉక్కు కర్మాగారానికి భూములిచ్చినవారి ఇళ్లలో ఆర్-కార్డు అన్న మాట తాతల నుంచి మనుమల వరకు వచ్చింది. కార్డు ఎవరి పేర ఉన్నది, దానిమీద హక్కు ఎవరిది అన్నది అక్కడి అన్నదమ్ముల మధ్య పాత ప్రశ్న. ఢిల్లీలో భూమి పోయినవారికి బదులు ప్లాట్లు ఇచ్చే పథకం 1961లోనే మొదలైంది. అది పుట్టుకతో వచ్చే హక్కు కాదు, పరిశీలించమని అడిగే అర్హత మాత్రమేనని అక్కడి హైకోర్టు ఫుల్ బెంచి తేల్చింది.

సుప్రీంకోర్టు రెండు వేళల్లో చెప్పిన మాటలు కూడా తెలుసుకోవాలి. టెహ్రీ డ్యాము కేసులో 2003లో నిర్వాసితుల పునరావాసం రాజ్యాంగంలోని 21వ అధికరణం, అంటే జీవించే హక్కు నుంచి వచ్చేదేనని అన్నది. హర్యానా ప్లాట్ల కేసులో 2025 జూలైలో మరో కోణం చూపింది. భూమి పోయిన ప్రతివాడికీ డబ్బుతో పాటు ప్లాటు కూడా ఇచ్చి తీరాలని లేదు, నివాసమో జీవనోపాధో కోల్పోయి నిరాధారులైనవారికే పునరావాసం ఉద్దేశించినదని చెప్పింది. ఈ కొలతను మన ఊళ్లకు తెచ్చి చూస్తే ఇల్లు నిలిచి బతుకు పోయిన పక్క ఊరి రైతు, కౌలుదారు, కంబారి, మేనత్త వీరే ముందు వరుసలో నిలుస్తారు. జాబితాలో చివర ఉన్నవారు వీరే కావడం విచిత్రం.

ఇకముందు జాగ్రత్త

ఇది అయిపోయిన కథ అని పక్కన పెట్టడానికి లేదు. నేరడి బ్యారేజీకి 2021 జూన్‌లో ట్రిబ్యునల్ దారి చూపుతూ, ఒడిశా వైపు 106 ఎకరాల మాట కూడా చెప్పింది. మెళియాపుట్టి మండలం చాపర దగ్గర మహేంద్రతనయ మీద ఆఫ్‌షోర్ ప్రాజెక్టు 2008లో మొదలైంది. రోడ్లు, కాలువలు, పరిశ్రమలు వస్తూనే ఉంటాయి. ఏ ఊరి వంతు ఎప్పుడో ఎవరికీ తెలియదు.

కనుక భూమి ఉన్నవారు కాగితం ముందే సరిచేసుకోవాలి. తండ్రి పోయిన తరువాత అడంగల్‌లో, 1-బిలో వారసుల పేర్లు ఎక్కించుకోవాలి. వేరుపడిన కొడుకు రేషన్ కార్డు వేరు చేయించుకోవాలి. 18 నిండిన ఆడపిల్ల పేరు ఓటర్ల జాబితాలో చేర్పించాలి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, బడి టీసీ, పదవ తరగతి మార్కుల జాబితా తడవకుండా దాచుకోవాలి. కౌలుదారు ఏదో ఒక కార్డు లేక రసీదు సంపాదించుకోవాలి.

సర్వేకు వచ్చినప్పుడు వలస వెళ్లినవారికి కబురు పెట్టడం ఊరి బాధ్యత. కొత్త చట్టం కింద పునరావాస పథకం ముసాయిదాపై ప్రభావిత గ్రామాల్లో బహిరంగ విచారణ జరపాలి. అక్కడ రేటు గురించి మాత్రమే అరిచి వచ్చేస్తే లాభం లేదు. జాబితా గట్టిగా చదివించాలి. లేని పేరు అక్కడే రాయించాలి. అవార్డు తరువాత అయితే పునరావాస హక్కుపై కలెక్టరుకు దరఖాస్తు చేసి, అథారిటీకి పంపమని కోరవచ్చు. అవార్డు నాడు హాజరైనవారికి ఆరు వారాలే గడువు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి.

ప్రభుత్వం చేయవలసినవి కూడా రెండు ఉన్నాయి. ఊళ్లు ఖాళీ చేయించడం ఏళ్ల తరబడి వాయిదా పడితే, ఖాళీకి ముందు జాబితాను మరొకసారి ఊళ్లోనే సవరించాలి. కొత్త షెడ్ల కోసం కాదు, పెరిగిన బిడ్డల కోసం. తిరస్కరించిన ప్రతి పేరుకూ ఎదురుగా కారణం రాసి పంచాయతీ గోడకు అంటించాలి. కారణం తెలిస్తే సగం తగవు అక్కడే తీరుతుంది.

కొత్తూరు మండలం మెట్టూరు వంటి పునరావాస కాలనీల్లో ఇళ్లు వరుసగా, కొలిచినట్టు ఉంటాయి. పాత ఊరి వీధులు అలా ఉండేవి కావు. ఒక వసారా మరొక పెరట్లోకి, ఒక కుటుంబం మరొక కుటుంబంలోకి కలిసిపోయి ఉండేవి. ఆ కలయికను ఐదేసి సెంట్ల గళ్లలో పెట్టేటప్పుడు ఎవరో ఒకరు గీత బయట మిగిలిపోతారు. ఆ మిగిలినవారిని పేరు పెట్టి పిలిచి, వారి మాట వినే వరకు వంశధార రెండవ దశ లెక్క పూర్తయినట్టు కాదు.